రెండు లిఫ్టర్లు

ఆర్లిస్ టింకిల్‌బర్గ్ పంతొమ్మిదో ఏట గుడ్ల ఫ్యాక్టరీలో చేరింది. ఇప్పుడామెకు యాభై మూడు. ముప్ఫై నాలుగేళ్ళుగా నడిచే బెల్టు పక్కన నిలబడి ఒక్కో చేత్తో నాలుగేసి గుడ్లు ఎత్తుతోంది. రెంటిని తాకించి చప్పుడు వింటే చాలు, ఏది చిట్లిందో చెప్పేస్తుంది. కంటికి ఆనని వెంట్రుక బీటను బొటనవేలితో తడిమి పట్టుకుంటుంది. ఫ్యాక్టరీ ఆమెకు నేర్పిన చదువు ఇదొక్కటే.

ఈ చదువు తుపాకి దగ్గర పనికొస్తుందని ఆమె మొగుడు గెరిట్‌కు తట్టలేదు. తట్టి ఉంటే ఆమెకు తుపాకి కొనిచ్చేవాడే కాదు.

గెరిట్ పాలు పితికే మిషన్లు బాగుచేస్తాడు. అయోవా రాష్ట్రం వాయవ్య మూలన నాలుగు కౌంటీల్లో అతని చెయ్యి పడని పాలకొట్టం లేదు. తుపాకులు బాగుచెయ్యడం సరదా పని. తుపాకుల క్లబ్బులో ఎవరికి ఏ చిక్కొచ్చినా తుపాకి తెచ్చి అతని వంటింటి బల్ల మీద పెట్టాల్సిందే. డబ్బు పుచ్చుకోడు. పొగడ్త పుచ్చుకుంటాడు.

వాళ్ళ పోటీ మూడు రకాల తుపాకులతో, పరుగెడుతూ కాల్చేది. అందులో షాట్‌గన్‌దే అసలు పరీక్ష. దాని గొట్టంలో తొమ్మిది తూటాలు పడతాయి. కాల్చాల్సినవి పాతికదాకా ఉంటాయి. మిగిలినవన్నీ గడియారం నడుస్తుండగా, తుపాకిని బోర్లా తిప్పి, రొమ్ము మీది క్లిప్పుల్లోంచి నాలుగేసి లాగి, రెండూ రెండుగా బొటనవేలితో కింది కంతలోకి తొయ్యాలి. గెరిట్‌కు ఈ విద్య పట్టుబడటానికి ఏడాది పట్టింది. ఆర్లిస్‌కు తొమ్మిది రోజులు పట్టింది. నాలుగు గుడ్లెత్తే చేతికి నాలుగు తూటాలు ఒక లెక్క కాదు. పైగా ఇవి జారిపడినా పగలవు.

మొదట్లో గెరిట్ మురిసిపోయాడు, నా పెళ్ళాం చూడండి అని అందరికీ చూపించాడు. రెండో ఏడు ఆమె అతనికి నాలుగు స్థానాల దూరంలోకి వచ్చింది. అప్పుడు ఆమె తుపాకిలో స్ప్రింగు మార్చాడు. పోటీ నాడు తూటాలు ఇరుక్కున్నాయి. మూడో ఏడు మడమ కట్టె పొడుగు చేశాడు, భుజానికి ఆనలేదు. నాలుగో ఏడు తుపాకి మూతికి, తూటాలోని గుళ్ళు చెదరకుండా బిగబట్టే కొత్త బిగింపు పెట్టాడు. ఒక్క దెబ్బకు పక్కపక్కన రెండు గురి పలకలు పడాల్సిన చోట ఒక్కటే పడింది. ప్రతిసారీ ఇంటికొచ్చే దారిలో ఒకటే మాట: "సామానుది కాదు తప్పు. నువ్వు బిగుసుకుపోతావు, అదీ నీ జబ్బు."

ఆమె నమ్మింది. మూడేళ్ళు నమ్మింది. పాలమిషన్ల మనిషికి ఇనుము సంగతి తెలియదా అనుకుంది.

సెప్టెంబరులో జరిగేది మూడు రాష్ట్రాల పోటీ. అరవైమంది వస్తారు. ఆఖర్న బహుమతుల బల్ల వేసి, వచ్చిన స్థానం ప్రకారం ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తారు. పిలిచినవాళ్ళు అందరి కళ్ళముందు నడిచివెళ్ళి ఒక వస్తువు ఎంచుకోవాలి. మొదటివాళ్ళకు తుపాకులు, దుర్బిణులు. కడపటివాళ్ళకు టోపీలు, నూనె సీసాలు. నాలుగేళ్ళుగా గెరిట్ పేరు ముందు, తరువాత మరికొన్ని పేర్లు, అప్పుడు ఆర్లిస్. అతను చేతులు కట్టుకుని నిలబడి, ఆమె వెళుతుంటే అందరికీ వినబడేట్టు అనేవాడు: "తుడుచుకునే గుడ్డలు మిగిల్చాం, ఆర్లిస్. నీకు అలవాటేగా!"

ఆమెకు తుపాకీ వద్దు, దుర్బిణీ వద్దు. ఒక్కసారి, తన పేరు అతని పేరు కంటే ముందు వినబడాలి. అంతే.

పోటీ శనివారం. ఆదివారాలు ఆ ఊళ్ళో తుపాకి మోగదు, చర్చివాళ్ళు ఒప్పుకోరు. బుధవారం సాయంత్రం గెరిట్ ఒక పొట్లం తెచ్చి వంటింటి బల్ల మీద విప్పాడు. రెండు లిఫ్టర్లు. గొట్టంలోంచి వచ్చిన తూటాను పైకెత్తి అందించే ఉక్కు నాలుకను లిఫ్టర్ అంటారు. తుపాకితో వచ్చేదానికి కొస చీలి ఉంటుంది. తొందరలో తూటాలు తోసేవాళ్ళ బొటనవేలు ఆ చీలికలో నలుగుతుంది. ఇవి బయట చేసినవి. చీలిక లేదు, కొస వెడల్పు, ఒంపు తిరిగి ఉంది.

"ఒకటి నాకు, ఒకటి నీకు. ఒకే అచ్చు," అన్నాడు.

"నాది బాగానే ఉంది. ముట్టుకోకు, గెరిట్. పోటీ ఇంకా మూడు రోజులే."

"బాగుందా? వేలు కొరుకుతోందని నెల్లాళ్ళుగా ఏడ్చిందెవరు? మీ అమ్మా?"

ఏడ్చిన మాట నిజమే. ఆమె ఇంకో బంగాళాదుంప అందుకుంది.

అతను తువ్వాలు పరిచాడు. సన్నని ఉలితో ఒక్క పిన్ను పొడిచి ట్రిగ్గరు అమరిక మొత్తాన్ని తుపాకి కడుపులోంచి ఊడదీశాడు. దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పాత లిఫ్టర్ తీసి కొత్తది ఎక్కించాడు. "అంచులు పచ్చిగా వస్తాయివి, సాఫీ చెయ్యాలి," అని ఆకురాయి అందుకున్నాడు. ముందు తనది. వీపు ఆమెవైపు తిప్పి నలభై నిమిషాలు రాశాడు, పొడుగు పొడుగు రాపిళ్ళతో. తరువాత ఆమెది, పది నిమిషాలు. ఆ రాపిళ్ళు పొట్టివి, ఒకే చోట, కరకరమని. ఆమె చెవి ఆ తేడా పట్టింది. మనసు దాని వెంట పోలేదు. చేతిలో దుంప ఉంది, పొయ్యి మీద కూర ఉంది.

పని ముగించి రెండింటికీ మెరుగుపెట్టాడు. డమ్మీ తూటాలు నాలుగు తీసుకుని ఆమె తుపాకిలో నింపి చూపించాడు, చాలా నెమ్మదిగా. నునుపుగా జారాయి.

"చూశావా? వెన్న. ఇంక శనివారం దాకా ముట్టుకోకు. అమరిక చెదురుతుంది."

"ఈసారి నిన్ను దాటేస్తే?"

"నన్నా?" గెరిట్ నవ్వాడు. "దాటు. నేనేమన్నా అడ్డంపడ్డానా?"

*

శనివారం పొద్దున పోటీ రెండో స్టేజీలో, అంటే రెండో అంచెలో, అది కొరికింది.

వరసగా ఇనప పలకలు, మధ్యలో ఒక్కసారి నింపుకోవాలి. ఆర్లిస్ నాలుగు తూటాలు లాగింది. మొదటి జత పోయింది. రెండో జత తోస్తుంటే లిఫ్టర్ కిందికి పూర్తిగా దిగలేదు. దాని అడుగు అంచు బొటనవేలి గోటి మొదట్లో పట్టుకుంది. వదిలించుకునేసరికి రెండు తూటాలు నేలపాలు, తొమ్మిది సెకన్లు గాలిపాలు, గోటిచుట్టూ నెత్తురు.

పలకలు మళ్ళీ నిలబెట్టడానికి వెనకాల కాచుకుని ఉన్న, స్టేజీ స్టేజీకీ కలిసి తిరిగే జట్టు మొత్తం చూసింది. అందులో ట్రూడీ ఉంది. చర్చి పాటల బృందంలో ఆర్లిస్ పక్కన నిలబడే మనిషి. "ఏమే, ఏమైందే నీకు? పోయిన నెల మెరుపులా నింపావు కదా?"

"లిఫ్టర్ కొరుకుతోంది," అంది ఆర్లిస్. గెరిట్‌వైపు తిరిగింది. "గెరిట్, ఇది కొరుకుతోంది."

గెరిట్ సీసాలో నీళ్ళు నింపాదిగా తాగాడు. "లిఫ్టర్ కొరకదు. నీ వేలు లావు. రోజూ కోడి వెనకాల పెట్టే వేలది, తుపాకిలో పట్టద్దూ?"

జట్టు పగలబడింది. ట్రూడీ కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"నీదానికి ఏమీ కాలేదే?"

"ఎందుకవుతుంది? రెండూ ఒకటే. ఒకే పొట్లం, ఒకే అచ్చు, బిగించింది ఒకే చెయ్యి. నమ్మకం లేకపోతే నాది తీసి పెట్టుకో!" అతను జట్టువైపు చేతులు చాచాడు. "మొగుడి సామాను మీదే పడతాయి ఆడవాళ్ళ కళ్ళు."

రెండోసారి నవ్వారు. ఈ నవ్వు మరికాస్త పెద్దది.

మధ్యాహ్నం భోజనాల ముందు డ్యూయేన్ టోపీ తీసి ప్రార్థన చేశాడు. పోటీ నడిపేదీ అతనే, టైమరు పట్టేదీ అతనే, మైకు పట్టేదీ అతనే. ప్రార్థనలో వానకూ, వాన ఆగినందుకూ కలిపి కృతజ్ఞత చెప్పాడు. అందరూ హ్యామ్ బన్నులూ దుంపల సలాడూ పళ్ళేల్లో పెట్టుకుని చెట్టు నీడన చేరారు. గెరిట్ మధ్యలో కూర్చుని ఎవడికో స్ప్రింగుల గురించి పాఠం చెబుతున్నాడు.

ఆర్లిస్ పళ్ళెం తీసుకోలేదు. పసిపిల్లల తోపుడుబండి నెట్టుకుంటూ భద్రత బల్ల దగ్గరికి వెళ్ళింది. పాత సామాన్ల అంగట్లో కొన్న బండి అది. అందులో పసిపిల్లలెవరూ కూర్చోలేదు. ఆ పోటీల్లో సగంమంది తుపాకులు అలాంటి బండ్లలోనే తోసుకు తిరుగుతారు. మొగుడి తుపాకి, పెళ్ళాం తుపాకి పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

ఆ కాల్పుల మైదానంలో కాల్చే గీత దగ్గర తప్పితే తుపాకి చేతబట్టడానికి అనుమతి ఉన్నది ఆ బల్ల దగ్గరే. అక్కడ తూటా ముట్టుకుంటే మాత్రం ఇంటికి పంపేస్తారు. డమ్మీ అయినా సరే. విప్పచ్చు, బిగించచ్చు. పరీక్షించడం కుదరదు.

రెండు తుపాకుల పిన్నులూ పొడిచింది. రెండు అమరికలూ ఊడదీసి పక్కపక్కన పెట్టింది. పైనుంచి చూస్తే రెండూ అద్దంలా ఉన్నాయి. గెరిట్ చెప్పినట్టే ఒకటే. ఆమె కళ్ళు మూసుకుని బొటనవేలు అడుగువైపు పోనిచ్చింది. గెరిట్‌ది అరిగిన సబ్బుబిళ్ళలా ఉంది. తనది కొసదాకా నున్నగా వచ్చి, అక్కడ ఒక్కసారి లోపలికి తిరిగింది. కొక్కెం. కళ్ళు తెరిచి ఎండకు ఎత్తి చూసింది. అడుగున ఆకురాయి గీతలు, పొట్టివి, ఒకే చోట, ఒకదాని మీద ఒకటి. నెమ్మదిగా తోసేవాడి వేలు దాని మీదుగా జారిపోతుంది. జోరుగా తోసే వేలే, అదీ రెండో జతకే, దాని కింద పడుతుంది.

అంత పని పొరపాటున జరగదు. చాలా మంచి పనివాడు శ్రద్ధగా చేస్తేనే కుదురుతుంది.

ఆమె స్ప్రింగును గుర్తు చేసుకుంది. కట్టెను, మూతి బిగింపును గుర్తు చేసుకుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఆకలి వేసింది.

గెరిట్ అమరికను తన తుపాకిలో పెట్టుకుంది. తనది గెరిట్ తుపాకిలో పెట్టింది. పిన్నులు కొట్టింది. బండి తోసుకుంటూ వచ్చి హ్యామ్ బన్ను రెండు తింది.

"ఏం చేశావక్కడ?" అడిగాడు గెరిట్, నోట్లో దుంప ఉండగానే.

"తుడిచాను."

"రెండూనా?"

"రెండూ."

"భేష్! అందుకే మా ఆవిడంటే నాకిష్టం," అన్నాడు పక్కవాడితో.

*

నాలుగో స్టేజీ షాట్‌గన్ ఒక్కదానితోనే. ఇరవై నాలుగు పలకలు, నాలుగుసార్లు నింపుకోవడం. రోజంతటి లెక్కా అక్కడే తేలుతుంది.

ఆర్లిస్ ముందు కాల్చింది. గెరిట్ ట్రిగ్గరు తేలిక, మొదటి దెబ్బ అనుకున్నదాని కంటే ముందే పేలింది. అయినా పలక పడింది. తరువాత ఆమె చెయ్యి బెల్టు పక్కన నిలబడ్డ చెయ్యి అయిపోయింది. నాలుగు, నాలుగు, నాలుగు. ఎక్కడా తగల్లేదు. డ్యూయేన్ టైమరు పైకెత్తి చదివాడు. "నలభై మూడు సెకన్లు! ఇవాళ్టికి ఇది నాలుగో మంచి టైము. శభాష్, ఆర్లిస్!"

"చూశారా?" అన్నాడు గెరిట్ అందరితో. "లిఫ్టర్ బాగాలేదంది. వేలు సవరించుకుంది, పని అయిపోయింది." అని గీత దగ్గరికి వెళ్ళాడు.

ఆర్లిస్ తాడు వెనక మొదటి వరసలో నిలబడింది.

టైమరు కూసింది. మొదటి దెబ్బకే అతని భుజం ఒక్క లిప్త ఆగింది. ఆ ట్రిగ్గరు తనది కాదని దాని బరువుతోనే అతనికి తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. ఆ బరువు అతను పెట్టిందే. దాని వెనక ఏముందో ప్రపంచంలో అందరికంటే అతనికే బాగా తెలుసు. కాల్చేవాడు వెనక్కి తిరగకూడదు, తుపాకి మూతి ముందుకే ఉండాలి. తిరిగితే అక్కడితో ఇంటికే. కాబట్టి అతను ఆమెను చూడలేడు. ఆమె అతని మెడ చూస్తూ నిలబడింది. మెడ మెల్లగా ఎర్రబడింది.

అతను ఆపచ్చు. చెయ్యెత్తి, నా తుపాకిలో ఉన్నది నాది కాదు అనచ్చు. అప్పుడు డ్యూయేన్ అడుగుతాడు, అయితే ఏమిటి, రెండూ ఒకటే అన్నావుగా?

గెరిట్ తొమ్మిదీ కాల్చాడు. నింపడానికి తుపాకి తిప్పి, రెండే తూటాలు లాగాడు. రెండు తోసి, మళ్ళీ రెండు లాగాడు.

"ఇదేంటి గెరిట్, ముసలమ్మ మాత్రలు వేసుకున్నట్టు!" అరిచింది ట్రూడీ. "నాలుగు లాగు!"

"నాలుగు! నాలుగు!" జట్టు అందుకుంది. నేర్పినవాడు రెండేసి నింపుతుంటే వాళ్ళకు వేడుకగా ఉంది. "పెళ్ళాం చూస్తోందయ్యా, నాలుగు!"

ఆర్లిస్ కూడా అంది. పెద్దగా అనలేదు, మామూలు గొంతుతో అంది. "నాలుగు, గెరిట్."

ఆ గొంతు అతనికి వినబడింది. అందరి గొంతుల్లోంచీ అదొక్కటే వినబడినట్టు అతని తల కాస్త పక్కకు వంగింది. నాలుగు లాగాడు. అతనిది జోరు చెయ్యి, బలం చెయ్యి. మొదటి జత పోయింది. రెండో జతతోపాటు వేలు లోపలికి పోయి బయటికి రాలేదు. అలవాటు కొద్దీ వెనక్కి గుంజాడు. గోరు సగం లేచిపోయింది.

ఇంకా రెండుసార్లు నింపాల్సి ఉంది. నింపాడు, ఒక్కొక్క తూటాగా, చూపుడువేలితో. తూటాలు ఎర్రగా జారుతున్నాయి. జట్టు గొంతులు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆర్లిస్ కన్ను తిప్పలేదు.

"నూట పన్నెండు సెకన్లు," అన్నాడు డ్యూయేన్. అప్పుడే గెరిట్ చేతిని చూశాడు. "దేవుడా! ఏమైందిరా? తుపాకి పాడైందా? సామాను విరిగితే చెప్పు, రాసుకుంటాను."

గెరిట్ ఇప్పుడు తిరిగాడు. ఆమె అక్కడే ఉంది, తాడు మీద చేతులు వేసుకుని.

"లేదు," అన్నాడు. "తుపాకి బాగుంది. వేలు జారింది."

*

ట్రూడీ గాయానికి గుడ్డ చుట్టింది. చుట్టించుకుంటూ గెరిట్ బుధవారం లిఫ్టర్లు బిగించిన సంగతి డ్యూయేన్‌కు చెప్పాడు, తనదే సరిగా చూసుకోలేదన్నాడు. సాయంత్రం నాలుగింటికి డ్యూయేన్ మైకు పట్టుకుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పది దాటింది. గెరిట్ పేరు ఇంకా రాలేదు.

"పదిహేడు. ఆర్లిస్ టింకిల్‌బర్గ్!"

ఆమె కదిలింది. గడ్డి మీద ముప్ఫై అడుగుల నడక. ఇన్నేళ్ళుగా అనుకున్నది ఈ ముప్ఫై అడుగులనే. నాలుగడుగులు వేసిందో లేదో, మైకు మళ్ళీ పలికింది.

"ఆగండాగండి. ఈమె తుపాకి వెన్నలా నడవడానికి కారణం ఎవరో తెలుసుగా? బుధవారం కూర్చుని లిఫ్టర్ బిగించి, అంచులన్నీ చేత్తో నునుపు చేసి, తనది మాత్రం సరిగా చూసుకోకుండా వదిలేసి వేలు పోగొట్టుకున్న మహానుభావుడు! మొగుడంటే అలా ఉండాలి. గెరిట్, చెయ్యెత్తు!"

అరవైమంది చప్పట్లు కొట్టారు. కొందరు లేచి నిలబడ్డారు. ఆర్లిస్‌కు పడ్డ చప్పట్లు ఎన్నో ఆమెకు తెలియలేదు. అవి వీటిలో కలిసిపోయాయి. గెరిట్ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాడు. ముఖం పాలిపోయి ఉంది. పాలిపోయిన ముఖం చప్పట్లకు ఇంకా బాగా నప్పుతుంది.

ఆమె బల్ల దగ్గర ఏదో ఒకటి తీసుకుంది. ఏమిటో చూడలేదు. తిరిగొచ్చేసరికి ట్రూడీ తన తుపాకి సంచి గెరిట్ ముందు పెడుతోంది.

"నాకూ అదే లిఫ్టర్ బిగించవా, గెరిట్? ఆర్లిస్‌ది చేసినట్టే చెయ్యి, అచ్చం అలాగే. చెయ్యి మానాకే, తొందరేం లేదు."

"దాందేముంది, వదిలేసి వెళ్ళు," అన్నాడు గెరిట్.

"నాదానికి కొక్కెం చెక్కాడు," అంది ఆర్లిస్.

ఇద్దరూ ఆమెవైపు చూశారు. డ్యూయేన్ కూడా మైకు దింపి వచ్చాడు.

"నా లిఫ్టర్ అడుగున కొక్కెం చెక్కాడు, వేలు పట్టుకోవాలని. నేను కనిపెట్టాను. భోజనాలప్పుడు రెండూ మార్చేశాను. ఇతని వేలు కొరికింది నాకోసం చేసిందే."

ముందు డ్యూయేన్ నవ్వాడు, పొట్ట పట్టుకుని. ట్రూడీ ఆమె భుజం మీద చరిచింది. "నీ నోరు పడ! గెలిచిన రోజు కూడా వాడిని వదలవే! పాపం, చెయ్యి చూడవే ఎలా ఉందో."

"నిజం చెబుతున్నాను, ట్రూడీ. విప్పి చూడు."

"చూస్తాం, చూస్తాం. నా కాఫీలో మా ఆయన విషం కూడా కలుపుతాడులే!"

అందరికంటే ఎక్కువసేపు నవ్వింది గెరిట్. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు, కట్టు లేని చేత్తో. "చూశావా డ్యూయేన్, నాలుగేళ్ళకు ఒక్కసారి ముందొచ్చింది, ఇంక ఆగుతుందా?" ఆపైన ఆమె కళ్ళలోకి సూటిగా చూసి, ముద్దుగా అన్నాడు: "పద తల్లీ, ఇంటికి పోదాం."

కారు ఆమె నడిపింది. అతని చెయ్యి ఒళ్ళో ఉంది. కట్టు దాటి నెత్తురు ప్యాంటుకు అంటుతోంది. ఇసుక గనుల దారి దాటి పెద్ద రోడ్డు వచ్చింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది.

"ఆస్పత్రి కుడివైపు," అన్నాడు గెరిట్.

"తెలుసు," అంది ఆర్లిస్.

ఎడమకు తిప్పింది. ఇల్లు పంతొమ్మిది మైళ్ళు, అంతా కంకర రోడ్డే. మొదటి గుంట దగ్గర అతను పళ్ళ సందున ఊపిరి పీల్చి, "నెమ్మది," అన్నాడు. ఆమె గేరు మార్చి వేగం పెంచింది.